అరవైలో కొత్త బండి: ముందు తోసి చూడండి, తర్వాత నడిపి చూడండి

మాస్టారూ, ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. ఉండేది భీమవరం పక్కన. అరవై నిండాయి, రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్లుంది. 37 ఏళ్లుగా మోటారు సైకిల్ నడుపుతున్నారు, అందులో ఇరవై ఏళ్లు కుడివైపు గేరున్న పాత బులెట్టు. అది అమ్మేసి రెండేళ్లయింది. ఎడమ మోకాలు అప్పుడప్పుడు మొరాయిస్తోంది. రోజూ బడికి వెళ్లి రావాలి, ఆదివారాలు కాస్త ఊరు దాటాలి, ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లో అరకో చూడాలి. వెనక అప్పుడప్పుడు మీ ఆవిడ, అదే మా చెల్లెమ్మగారు, కూర్చుంటారు. బడ్జెట్టు రెండున్నర లక్షలు. మనసు రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మీద ఉంది (కాస్త అప్పు చేసైనా అన్నారు), బుద్ధి అదే కంపెనీ క్లాసిక్ 350 మీద ఉంది, అబ్బాయేమో "స్కూటర్ తీసుకో నాన్నా" అంటున్నాడు. ఏది కొనాలి?

నాకిప్పుడు 66. 1983లో బ్యాంకులో చేరాను, చాలాకాలం ఫీల్డ్ ఆఫీసరుగా తిరిగాను. పంట రుణమైనా, గేదెల లోన్ అయినా పొలం గట్టు దాకా, పాక దాకా వెళ్లి కళ్లతో చూసి రావాలి. సెకండ్‌హ్యాండ్ రాజ్‌దూత్‌తో మొదలుపెట్టి ఎజ్డీ, బులెట్టు, సీడీ 100, యూనికార్న్ మీదుగా ఇప్పుడు టీవీఎస్ రోనిన్ దగ్గర ఆగాను. నేను మెకానిక్‌ని కాను. నేను చెప్పేది నా నడుమూ మోకాళ్లూ నాకు నేర్పింది, అంతే.

నా బులెట్టు నేను అమ్మడానికి కారణం నరసాపురం రేవు. 2017లో మా ఆవిడతో అంతర్వేది బయల్దేరాను. సఖినేటిపల్లి వైపు పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) కోసం రేవులో వాలు మీద బండి ఆపాను. ఆవిడ దిగింది. కింద తడి ఒండ్రు. ఎడమకాలు రెండంగుళాలు జారింది, బండి వంగింది. ముప్పై ఏళ్ల వయసులో అయితే తొడతో ఒక్క నెట్టు నెట్టి నిలబెట్టేవాణ్ని. ఆ రోజు అది నెమ్మదిగా, నా కళ్లముందే, నన్ను అడగకుండా పడుకుంది. స్పీడు సున్నా. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి లేపారు. మణికట్టు పదిహేను రోజులు వాచింది. అంతకంటే ఎక్కువ బాధించింది ఆ కుర్రాళ్లలో ఒకడు "తాతగారూ, మీరు పక్కకి రండి, మేం ఎక్కిస్తాం" అనడం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన వయసులో బండి ఎంచుకునేటప్పుడు అందరూ నడిచే బండి గురించే ఆలోచిస్తారు. పికప్ ఎంత, మైలేజీ ఎంత, వందలో వణుకుతుందా లేదా అని. నడుస్తున్నప్పుడు ఎంత బరువున్న బండైనా తేలిగ్గానే ఉంటుంది. మన అనుభవం కూడా అక్కడ బాగా పనిచేస్తుంది. అనుభవం పనికిరానిది బండి ఆగి ఉన్నప్పుడే. ఇంటి ముందు ర్యాంపు మీద వెనక్కి లాగేటప్పుడు, కిరాణా కొట్టు దగ్గర రెండు బళ్ల మధ్య నుంచి బయటికి తీసేటప్పుడు, వాలు మీద ట్రాఫిక్‌లో ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు. అక్కడ పనిచేసేది కండ, కీలు, అంతే. కాబట్టి షోరూముకి వెళ్లగానే తాళం అడగకండి. ఇంజిను ఆపి ఉన్న బండిని పది అడుగులు వెనక్కి తోసి, అర్ధచంద్రాకారంలో తిప్పి, సెంటర్ స్టాండు వేసి, మళ్లీ దించండి. ఇదంతా మీ ఒక్కరే చేయాలి. సేల్స్ కుర్రాడు సాయానికి వస్తే వద్దనండి, రేపు ఇంటి దగ్గర వాడు ఉండడు.

ఇంకో మాట. ఈ పరీక్ష పొద్దున్నే వెళ్లి చేయకండి. బడి నుంచి వచ్చాక, సాయంత్రం, రోజంతా నిలబడి పాఠాలు చెప్పిన మోకాలితో వెళ్లండి. పొద్దున పూట మోకాలు అబద్ధం చెబుతుంది.

ఇక బరువులు చూద్దాం. కంపెనీలు చెప్పే లెక్కల ప్రకారం క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, మీటియర్ 350 బరువు 191, హంటర్ 350, హోండా హైనెస్ సీబీ 350 రెండూ 181, రోనిన్ 160. ఇంటర్‌సెప్టర్ రెండు వందలు దాటుతుంది. 195కీ 160కీ తేడా 35 కిలోలే కదా అనిపిస్తుంది. ఇంటికి 25 కిలోల బియ్యం బస్తా వచ్చినప్పుడు ఆటోలోంచి లోపలికి మీరే మోసుకెళ్లి చూడండి. ఆ బస్తా మీద ఇంకో పది కిలోలు పెట్టి, ర్యాంపు మీద వెనక్కి నడవండి. తేడా అంటే అది. ఇవన్నీ పెట్రోలు పోసిన తర్వాతి బరువులే అయినా, సామాన్ల పెట్టె, క్రాష్ గార్డు, సైడు బ్యాగులు తగిలించుకుంటూ పోతే ఇంకో పది, పన్నెండు కిలోలు ఇట్టే చేరతాయి. అవి కూడా కొన్ని ఎత్తున చేరతాయి, అదీ అసలు చిక్కు.

అలాగని ఇంటర్‌సెప్టర్ చెడ్డ బండేం కాదు. రెండు సిలిండర్లు, 648 సీసీ, 47 గుర్రాల శక్తి. ఆ ఇంజిను సాఫీగా లాగే తీరు చూస్తే నాకూ నోరూరుతుంది. మీరు హైదరాబాద్‌లో ఉండి, ప్రతి ఆదివారం తెల్లవారుజామున హైవే మీద రెండు వందల కిలోమీటర్లు వేసే మనిషైతే నేనే కొనమని చెప్పేవాణ్ని. మీ రోడ్లు ఏవో చూడండి. ఉండి, ఆకివీడు, నరసాపురం, పాలకొల్లు. కాలవ గట్టు, పక్కన చేపల చెరువు, ఎదురుగా రొయ్యల మేత లారీ, మధ్యలో గేదెలు. ఈ రోడ్ల మీద 47 గుర్రాల్లో ఇరవైకి మించి పనుండదు, మిగతావి పెట్రోలు తాగుతూ కూర్చుంటాయి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్‌లో కూడా మనకి కావలసింది 40, 50 స్పీడులో మూడో గేరులో ఒద్దికగా లాగే ఇంజిను. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350ల్లో (క్లాసిక్, మీటియర్, హంటర్) ఇంజిను నిమిషానికి 4000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం, వస్తుంది. హైనెస్‌లో 3000 దగ్గరే 30 వస్తుంది. తక్కువ రేజులో బండి లాగడమే మనం బులెట్టు మీద అలవాటు పడ్డ సుఖం. గుర్రాల సంఖ్యలో అది కనపడదు.

డబ్బు సంగతి కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటిన వాటి మీద 40 శాతం అయింది. ఇంటర్‌సెప్టర్‌తో పాటు కుర్రాళ్లు మీకు చెప్పే ట్రయంఫ్ స్పీడ్ 400 కూడా ఈ గీతకి అవతలే పడింది. స్పీడ్ 400 నడిపి చూశాను, 40 గుర్రాల శక్తి, చక్కటి బండి. పదిహేనేళ్ల కింద దొరికి ఉంటే అదే కొనేవాణ్ని.

ఇప్పుడు మోకాలు. సీటు ఎత్తు అంకె చూసి మోసపోవద్దు. హంటర్ సీటు 790 మిల్లీమీటర్లు, హైనెస్ 800, క్లాసిక్ 805. అయినా సీటు ముందుభాగం ఎంత సన్నగా ఉంది, మీరు కూర్చుంటే షాక్ అబ్జార్బరు ఎంత దిగుతుంది అనే వాటిని బట్టి కాళ్లు ఆనడం మారిపోతుంది. మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే కూర్చుని, రెండు పాదాల ముందుభాగాలూ గట్టిగా ఆనుతున్నాయో లేదో చూడండి. మీటియర్ సీటు 765, బాగా కిందికి ఉంటుంది, కాళ్లు ముందుకి చాపుకుని కూర్చోవచ్చు. మోకాలు నొప్పి అనగానే అందరూ ఇటువంటి క్రూయిజర్ బండే కొనమంటారు. సగం నిజం. కాళ్లు ముందుకి పోతే మోకాలికి హాయిగానే ఉంటుంది గానీ, గుంట వచ్చినప్పుడు కాళ్ల మీద లేచి ఆ దెబ్బ తప్పించుకోవడానికి వీలుండదు. ఆ దెబ్బంతా సూటిగా నడుముకి వెళుతుంది. మన ఊళ్లలో స్పీడు బ్రేకర్లు వేసేది ఆర్ అండ్ బీ వాళ్లొక్కరే కాదు, ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకుంటారు. మోకాలు ఒక్కటే బాధయితే మీటియర్ చూడండి. నడుము కూడా పట్టేస్తుంటే వద్దు.

బండి ఎక్కే పద్ధతి కూడా కొంచెం మార్చుకోవాలి. సైడు స్టాండు వేసే ఉంచి, హ్యాండిలు పట్టుకుని, ముందు బ్రేకు నొక్కి పట్టి, అప్పుడు కాలు వెనక్కి తిప్పి ఎక్కండి. స్టాండు తీసేసి ఒంటికాలి మీద ఎక్కే రోజులు అయిపోయాయి. వెనక పెద్ద బ్యాగు కడితే కాలు దాని పైనుంచి తిప్పాలి, తుంటి ఒప్పుకోదు. సామాను పక్కలకి కట్టండి, లేదా ట్యాంకు మీద పెట్టండి.

చెల్లెమ్మగారి ఓటు మీ ఓటు కంటే బరువైనది. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునే మనిషికి వెనక సీటు పొడవుగా, చదునుగా ఉండాలి. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య మెట్టులా ఎత్తు ఉండే బళ్ల మీద ఆవిడ ఎక్కడమే ఒక ప్రయాస. పట్టుకోవడానికి గట్టి కడ్డీ, చీర చక్రంలో పడకుండా శారీ గార్డు, పాదాలు రెండూ పెట్టుకునేంత ఫుట్‌రెస్టు కావాలి. శారీ గార్డు మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది, అయినా డెలివరీ రోజు అందం కోసం తీసేయమనే వాళ్లుంటారు, మీరు తీయించకండి. ఆవిణ్ని షోరూముకి తీసుకెళ్లండి, చీరలోనే. టెస్ట్ రైడు ఆవిడతోనే చేయండి, మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు కాకుండా ఏదైనా గట్టు రోడ్డు మీద అరగంట. మా ఆవిడ ఒక బండి మీద పది నిమిషాలు కూర్చుని దిగి, "దీనికి నేను రాను, మీరొక్కరే తిరగండి" అంది. ఆ బండి నాకు చాలా నచ్చింది. కొనలేదు.

మీలాంటి వాళ్లకి, అంటే నాలాంటి వాళ్లకి, అసలు ప్రమాదం వయసు కాదు, పాత అలవాట్లు. పాత బులెట్టులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బళ్లన్నీ తిరగేసి ఉంటాయి. మామూలుగా నడిపేటప్పుడు వారం రోజుల్లో అలవాటైపోతుంది. కానీ కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆలోచించడానికి టైము ఉండదు, ఇరవై ఏళ్ల పాత కాలే ముందు కదులుతుంది. నేను యూనికార్న్ కొన్న కొత్తలో బ్రేకు అనుకుని గేరు తొక్కాను, ఆవు దయతలచి పక్కకి జరిగింది. మీరు రెండేళ్లుగా బండి లేకుండా ఉన్నారు కూడా. అందుకని కొత్త బండి వచ్చాక మొదటి పది రోజులు ఖాళీ మైదానంలో, మీ హైస్కూలు గ్రౌండే ఉంది కదా, 30 స్పీడులో వెళ్లి గట్టిగా బ్రేకు వేయడం సాధన చేయండి. రోజుకి పదిసార్లు చాలు. పిల్లలు చూసి నవ్వితే నవ్వనీయండి.

రెండో అలవాటు ముందు బ్రేకుని నమ్మకపోవడం. మన కాలంలో ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు ఉండేది, అది పట్టేది అంతంతమాత్రం. పైగా "ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు" అని పెద్దవాళ్లు భయపెట్టేవారు. దాంతో అంతా వెనక బ్రేకు మీదే నెట్టుకొచ్చాం. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి బండిని ఆపే సత్తా అక్కడే ఉంటుంది. ఇప్పుడు ముందు డిస్కుంది, 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోదు. ముందు ఒక్కదానికే ఉన్నదా, రెండు చక్రాలకీ ఉన్నదా అని వేరియంటు వేరియంటుకీ అడిగి, రెండిటికీ ఉన్నదే తీసుకోండి.

ఏబీఎస్ ఉందని ధాన్యం మీదకి మాత్రం వెళ్లకండి. డిసెంబరులో, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో మన డెల్టాలో రోడ్డు సగం కళ్లమే. అంచున రాళ్లు పెడతారు, సాయంత్రం వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు మర్చిపోతారు. వడ్ల గింజల మీద చక్రం గోలీల మీద నడిచినట్టే జారుతుంది, అక్కడ ఏ ఏబీఎసూ కాపాడదు. దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలే బురద సంగతీ అంతే. దూరం నుంచే గేరు తగ్గించి, బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిలు తిప్పకుండా తిన్నగా దాటేయాలి. మీకు తెలియని విషయమేం కాదు, కానీ బులెట్టు సన్న టైరుకీ ఇప్పటి వెడల్పు టైరుకీ ఆ జారుడు వేరుగా అనిపిస్తుంది.

టైర్లన్నాను కాబట్టి చెబుతున్నా. స్పోకుల చక్రం అందంగా ఉంటుంది, క్లాసిక్‌కి అదే అందం. కానీ మామూలు స్పోకుల చక్రంలో ట్యూబు ఉంటుంది. మారేడుమిల్లి దాటాక అడవిలో పంక్చరైతే చక్రం విప్పాలి. అరవై ఏళ్ల మనిషి, 195 కిలోల బండి, సిగ్నల్ లేని ఫోను. అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నదే కొనండి. ఆరేడు వందలకి దొరికే పంక్చరు కిట్టు, చిన్న గాలి పంపు సీటు కింద పెట్టుకోండి. మేకు పీకి, రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టుకుని వచ్చేయొచ్చు. ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకుంటే అక్కడ చేతులు వణకవు.

క్లచ్ సంగతి చాలామంది మర్చిపోతారు. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైందంటే భీమవరం బస్టాండు ట్రాఫిక్‌లో ఇరవైసార్లు క్లచ్ పట్టడం నరకం. అసిస్ట్ క్లచ్ అని ఒకటి వస్తోంది, లివరు చాలా తేలిగ్గా ఉంటుంది. హైనెస్‌లో, రోనిన్‌లో ఉంది. హంటర్‌కి 2025లో ఇచ్చారు. షోరూములో నిలబెట్టిన బండి క్లచ్‌ని వరసగా ముప్పైసార్లు నొక్కి చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు. గేరు ముందూ వెనకా తొక్కేలా రెండు పెడళ్లున్నదైతే చెప్పులతో నడిపేవాళ్లకి సుఖం, క్లాసిక్‌లో, హైనెస్‌లో అలా ఉంటుంది. చెప్పులతో నడపొద్దని చెప్పాలి నిజానికి. నేనే నడుపుతాను, ఇక మీకేం చెబుతాను.

సరే, ఏది కొనాలి? మీ అవసరానికి నేనైతే హైనెస్‌ని ముందు పెడతాను. సీటు పొడవుగా, చదునుగా ఉంటుంది, తక్కువ రేజులో లాగుతుంది, బులెట్టు మనిషికి చెవికి పరాయిగా అనిపించని శబ్దం. మీ దగ్గర్లో సర్వీసు ఎంత దూరం ఉందో ముందు కనుక్కోండి. ఈ బళ్లని హోండా వాళ్లు మామూలు డీలర్ల దగ్గర కాకుండా బిగ్‌వింగ్ అనే వేరే షోరూముల్లో అమ్ముతారు. సర్వీసు కోసం ప్రతిసారీ అరపూట సెలవు పెట్టాల్సి వస్తే మోజు తీరిపోతుంది. పుష్ పరీక్షలో 181 కిలోలు బరువనిపిస్తే మొహమాటపడకుండా రోనిన్ చూడండి. 225 సీసీ, సుమారు 20 గుర్రాలు, ఐదు గేర్లు. ట్రాఫిక్‌లో క్లచ్ వదిలేస్తే రేజు ఇవ్వకుండానే నడకలా కదులుతుంది, నేను పడిపోయిందే ఆ గుణానికి. హైవే మీద గంటల తరబడి వంద దాటి పోవాలనుకునేవాళ్లకి కాదు. నేను ఎనభైకి మించి పోను, పోయినా మా ఆవిడ వీపు మీద పొడుస్తుంది. క్లాసిక్ మీద మనసు గట్టిగా ఉంటే, 195 కిలోలనీ సాయంత్రం మోకాలితో వెనక్కి తోయగలిగితే, ట్యూబ్‌లెస్ ఉన్న వేరియంటు చూసి కొనేయండి. పల్లెటూరి మెకానిక్ కూడా దాని మీద చేయివేస్తాడు, ఆ లాభం చిన్నది కాదు.

అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. కూరగాయలకీ మందుల షాపుకీ స్కూటర్ని మించింది లేదు, కాలు ఎత్తే పనే లేదు. చిన్న చక్రాలు గుంటల్లో దిగబడతాయి కాబట్టి చింతూరు ఘాట్‌కి నేను దాన్ని తీసుకెళ్లను, అంతే. మీ కోడలి స్కూటర్ ఇంట్లోనే ఉందన్నారు కదా, బజారు పని దానికి అప్పగిస్తే మీ బండికి సామాన్ల పెట్టె బిగించే గొడవ తప్పుతుంది.

బండి పడితే ఎత్తే పద్ధతి కూడా చెప్పేస్తాను. ముందు ఇంజిను ఆపండి, వీలైతే గేరులో వేయండి. కుడివైపుకి పడితే సైడు స్టాండు ముందే తెరిచి పెట్టండి, లేకపోతే లేపాక అటువైపు పడుతుంది. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. నడుముతో లేపొద్దు, కాళ్లతో లేపాలి. మీ మోకాలు ఒప్పుకోకపోతే రేవులో కుర్రాళ్లని పిలవండి, "తాతగారూ" అంటారు, అనిపించుకోండి.

రాత్రి పూట దూరం వెళ్లడం నేను మానేశాను. శుక్లం మొదలైన కంటికి ఎదుటి ఎల్‌ఈడీ లైటు పడితే రోడ్డంతా తెల్లగా అయిపోతుంది. ఆపరేషన్ అయ్యాక చాలా నయమే, అయినా చీకటి పడేలోగా ఎక్కడో ఒక చోట టీ తాగుతూ ఉండేలా ప్రయాణం వేసుకుంటాను. బీపీ మాత్రలు కొత్తగా మార్చినప్పుడు తల తిరుగుతుందేమో డాక్టరుని అడిగి, ఒకటి రెండు వారాలు దూరాలు పెట్టుకోవద్దు.

చివరగా ఆఫీసు పని. మీ లైసెన్సు తీసి తేదీ చూడండి. 55 దాటాక రెన్యూవల్ చేయిస్తే ఐదేళ్లకే ఇస్తారు, ప్రతిసారీ ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ కావాలి. గడువుకి ఏడాది ముందు నుంచే చేయించుకోవచ్చు. చాలామంది బండి డెలివరీ రోజున ఇన్సూరెన్సు కోసం లైసెన్సు బయటికి తీసి, అప్పుడు నాలుక కరుచుకుంటారు. ఆ ఇన్సూరెన్సులో ఓనరు కమ్ డ్రైవరుకి 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో కూడా అక్కడే చదివి సంతకం పెట్టండి. హెల్మెట్లు రెండు, ఐఎస్ఐ గుర్తున్నవి. చెల్లెమ్మగారిది ఆవిడ కొప్పు ముడికి సరిపోయేలా పెట్టించి చూసి కొనండి, లేకపోతే అది ఇంట్లో అటక మీదే ఉండిపోతుంది.